మధ్యరకం గిటారు

కొమరలంక ఉన్నత పాఠశాలలో ఆ ఏడాది వంద మీటర్ల పరుగుపందెం ఉదయం తొమ్మిదింటికి మొదలై, మధ్యాహ్నం భోజనం గంట కొట్టేవేళకి కూడా పూర్తి కాలేదు. పరుగెత్తినవాళ్ళు ముగ్గురే. ముగ్గురికీ రెండో స్థానమే కావాలి. అంచేత ముగ్గురూ గీతకి రెండడుగులు ఇవతల నిలబడి, “ముందు నువ్వెళ్ళరా”, “ఆయ్, పెద్దోడివి, నువ్వెళ్ళు” అని పెళ్ళిపందిట్లో వియ్యంకుల్లా మర్యాదలు చేసుకుంటున్నారు. డ్రిల్లు మాస్టారు విజిలు ఊది ఊది దవడలు లాగేసి, నీళ్ళ కుళాయి పక్కన కూలబడ్డారు.

దీనంతటికీ మూలం ఒక సర్క్యులరు.

దాని పుట్టుక ఇలా జరిగిందని చెప్పుకుంటారు. ఎక్కడో ఒక బడివాళ్ళు గంట కొనబోయి, ఉన్నవాటిలోకల్లా మంచిది కొన్నారు. “అంత మంచిదే ఎందుకు కొన్నట్టు? ఇందులో ఏదో ఉంది” అని ఫిర్యాదు వెళ్ళింది. ఆ సంగతి విని ఇంకో బడివాళ్ళు జాగ్రత్తపడి, అన్నిటికన్నా నాసిది కొన్నారు. “ఇంత నాసిదే ఎందుకు కొన్నట్టు? ఇందులోనూ ఏదో ఉంది” అని ఇంకో ఫిర్యాదు వెళ్ళింది. రెండు ఫైళ్ళూ ఒకే రోజు ఒకే పెద్దాయన బల్లమీద చేరాయి. ఆయన వాటిని చెరోపక్కనా పెట్టుకుని, మధ్యలో ఖాళీగా ఉన్న బల్లకేసి చాలాసేపు చూశారట. ఆ ఖాళీలోంచి పుట్టిందే మధ్యస్థ విధానం.

“ఇందుమూలముగా తెలియజేయునదేమనగా,” అని ప్రధానోపాధ్యాయులు త్రిమూర్తులుగారు ప్రార్థన సమావేశంలో చదివి వినిపించారు, “ఏ విషయమందైనను మూడు నమూనాలను పరిశీలించి, అత్యుత్తమమును, అత్యధమమును విసర్జించి, మధ్యస్థమును మాత్రమే స్వీకరించవలెను. ఉల్లంఘించినవారు సంజాయిషీకి పాత్రులగుదురు.”

త్రిమూర్తులుగారు మంచివారు. పిల్లల్ని కొట్టరు, తిట్టరు. పాముకి భయపడరు, తుఫానుకి భయపడరు. సంజాయిషీ అన్న మాట వింటే మాత్రం ఆయనకి ముచ్చెమటలు పోస్తాయి. ఆ రోజునుంచి బడిలో మధ్యరకం తప్ప మరోటి కనబడితే ఒట్టు. పప్పులో ఉప్పు మధ్యస్థం. సుద్దముక్కలు విరిచి, రెండు కొసలూ పారేసి, నడిమి ముక్కతో పాఠాలు. మూడు పద్యాలు చదివి, మధ్య పద్యమే నేర్చుకునేవారు. మధ్య పద్యం ముందు పద్యానికి జవాబైతే ఆ ప్రశ్న ఏమిటో ఎవరికీ తెలిసేది కాదు.

అలాంటి బడిలో తొమ్మిదో తరగతి చదువుతున్న కెజియాకి ఎలక్ట్రిక్ గిటారు తయారుచెయ్యాలని కోరిక పుట్టింది.

కెజియా నోరు విప్పే పిల్ల కాదు. హాజరు పిలిస్తే “ప్రెజెంట్” అనడానికి బదులు పెన్సిలు పైకెత్తేది. వాళ్ళ నాన్న ఏసుపాదానికి మైకుసెట్టు ఉంది. పెళ్ళికైనా చావుకైనా ఊళ్ళో మోగేది ఆయన పెట్టెలే. కెజియా ఆరేళ్ళప్పటినుంచే ఆ దుకాణంలో కూర్చుని, తెగిన తీగలు అతికించడం, కాలిపోయిన రాగి చుట్టలు విప్పి మళ్ళీ చుట్టడం నేర్చింది. ఆదివారం సంఘంలో ఒక ఎలక్ట్రిక్ గిటారు ఉండేది. అది పాస్టరుగారి మేనల్లుడిది. కెజియా దాన్ని ముట్టుకున్నది లేదు, దాని పక్కన కూర్చుని చూపులతోనే విప్పదీసి, మళ్ళీ చూపులతోనే బిగించేది. కిందటేడు ఆ మేనల్లుడికి బదిలీ అయింది. గిటారు కూడా ఆయనతో వెళ్ళిపోయింది. ఆ ఆదివారం పాటంతా కెజియాకి ఉప్పులేని గంజిలా అనిపించింది.

అంతలో విద్యాశాఖవారు స్వహస్త నిర్మాణ మహోత్సవం ప్రకటించారు. బడికొక సంగీత వాయిద్యం విద్యార్థులే తమ చేతులతో తయారుచెయ్యాలి. సామాను శాఖది. తయారైన వాయిద్యం, ప్రదర్శన అయ్యాక, చేసినవాళ్ళకే.

“చేసినవాళ్ళకే” అన్న మాట దగ్గర కెజియా పెన్సిలు వెతుక్కుంది. కాయితం ముక్కమీద “ఎలక్ట్రిక్ గిటారు, నేను చేస్తానండి” అని రాసి, సైన్సు చెప్పే పద్మవాణి మేడంగారి పుస్తకంలో పెట్టి పారిపోయింది. వెనకాలే రెండో కాయితం. అందులో బొమ్మ. ఒంటికి పనస చెక్క. మెడకి గట్టి టేకు. మెట్లు ఇరవై రెండు. తీగల కింద అయస్కాంతం, దానిచుట్టూ వెంట్రుకంత సన్నటి రాగితీగ, అంటే పికప్పు. తీగ కదిలితే అయస్కాంతం దగ్గర కరెంటు పుడుతుందనీ, అది పెట్టెలోకి వెళ్ళి పాటై వస్తుందనీ పక్కన బుల్లి అక్షరాలతో రాసింది.

“ఎంత చక్కగా ఉందే!” అన్నారు పద్మవాణి మేడంగారు. వెంటనే తలుపుకేసి చూసి, గొంతు తగ్గించి, “చక్కగా ఉందని నేనన్నట్టు ఎవరితో అనకు,” అన్నారు.

భాగాల ఎంపికకోసం పైనుంచి ఒక పరిశీలకులు వేంచేశారు. పేరు కూర్మారావుగారు. చంకలో టేపు, జేబులో భూతద్దం, నోట్లో గ్రాంథికం. ఆయన అన్నం తినేటప్పుడు కూడా “పులుసు గైకొందును” అంటారని వంటమనిషి చెప్పింది.

మొదట చెక్క. అందరూ కలిసి వడ్రంగి వీరాచారి కొట్టానికి వెళ్ళారు. వీరాచారి మూడు దుంగలు చూపించాడు. పనస, వేప, సరుగుడు.

“ఇదిగోండి పనస,” అని వీరాచారి దానిమీద చెయ్యి వేసి పిల్లాణ్ణి నిమిరినట్టు నిమిరాడు. “వీణలు దీంతోనే చేస్తారండి. కొట్టి చూడండి, పలుకుద్ది.”

కూర్మారావుగారు దుంగని చూడలేదు. వీరాచారి ముఖాన్ని భూతద్దంలోంచి చూశారు.

“మీ వదనము వికసించినది,” అన్నారు. “కావున ఇది అత్యుత్తమము. విసర్జించుడు.”

“ఏటండీ?”

“తదుపరి నమూనా.”

“ఇది సరుగుడండి. పందిళ్ళకి, పొయ్యిలోకి బాగుంటాది.”

“వదనము ముడుచుకొన్నది. అత్యధమము. మూడవది ఏమి?”

“వేపండి. దాని గురించి మంచీ చెప్పను, చెడ్డా చెప్పను.”

“శభాష్! స్వీకరించడమైనది.”

వీరాచారి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. “ఇంకేం, పాటా పాడొచ్చు, పళ్ళూ తోముకోవచ్చు,” అని గొణిగాడు.

కెజియా పనసదుంగకేసి ఒకసారి చూసి తలొంచుకుంది. ఆ చూపు భూతద్దానికి చిక్కి ఉంటే పనస మళ్ళీ ఇంకోసారి తిరస్కృతమయ్యేది.

ఇంటికి వెళ్ళేదారంతా ఆలోచించింది. మాట్లాడని పిల్లలు ఆలోచించినంతగా పెద్దలు పోట్లాడను కూడా లేరు. మూడింట్లో నడిమిదే తీసుకుంటారు సరే, మరి మిగతా రెండూ ఏమిటన్నది సర్క్యులర్లో లేదుగా!

మెడ ఎంపికనాడు బల్లమీద మూడు నమూనాలు పరిచింది. ఒకటి రోకలి. ఒకటి గరిటె. రెంటిమధ్యా, వీరాచారిని బతిమాలి చెక్కించుకున్న టేకు మెడ, సన్నగా, నున్నగా, ఇరవై రెండు మెట్లకీ గాట్లు కోసి.

కూర్మారావుగారు టేపు సాగదీశారు. “రోకలి మిక్కిలి దీర్ఘము. గరిటె మిక్కిలి హ్రస్వము. నడిమిది యథోచితము. స్వీకరించడమైనది.”

త్రిమూర్తులుగారు రోకలికేసి అనుమానంగా చూశారు. ఆయనకి ఏదో తట్టింది. కాని తట్టిందని చెబితే తట్టినందుకు సంజాయిషీ అడుగుతారేమోనని ఊరుకున్నారు.

తీగలు బిగించే బిరడాలు అలాగే ఎంపికయ్యాయి, కిటికీ గడియలకీ చొక్కా గుండీలకీ మధ్యన. తీగలు ఆనే గుర్రం కూడా అలాగే, పీటకీ దువ్వెనకీ మధ్యన. కెజియా తన జీవితంలో మొదటిసారి బడినుంచి ఇంటికి ఎగురుకుంటూ వెళ్ళింది. వాళ్ళమ్మ మార్తమ్మ గరిటె కోసం ఇల్లంతా వెతికి, చివరికి కూతురి పుస్తకాల సంచీలో చూసి, “ఇదేం చదువే తల్లీ, రేపు పొయ్యి కూడా పట్టుకెళ్ళు,” అంది.

నాలుగోసారికి కూర్మారావుగారు భూతద్దం కాస్త వంచి పట్టుకున్నారు.

“ప్రతి పర్యాయము నడిమి నమూనాకు ఎర్రదారము కట్టియున్నదేమి?”

కెజియా గిటారు భాగాలు పొరబాటున కలిసిపోకుండా గుర్తుకి దారం కట్టుకునేది. అంత తెలివైన పిల్ల ఆ దారం విప్పడం మరిచిపోయింది. తలొంచుకుంది. పద్మవాణి మేడంగారు గబగబా, “దిష్టి తగలకుండానండి,” అన్నారు.

“దిష్టి మిక్కిలి మంచి వస్తువులకే తగులును,” అన్నారు కూర్మారావుగారు.

మర్నాటికి అనుబంధ సర్క్యులరు వచ్చింది. నమూనాలు ఒకే జాతివై ఉండవలెను, వానిని పరిశీలకులే స్వయముగా తేవలెను. అంతవరకు ఎంపికైనవి ఎంపికైనట్లే ఉంచడమైనది, ఏలయన వానిపై ఇదివరకే సంతకములు జరిగినవి.

అందువల్ల మెడా, బిరడాలూ, గుర్రమూ బతికి బయటపడ్డాయి. తక్కినవి కూర్మారావుగారి చేతిలో పడ్డాయి.

ఆయన పట్నంనుంచి మూడు పికప్పులు తెచ్చి, గుండుసూదుల డబ్బా బల్లమీద బోర్లించారు. ఒకటి నలభై ఒక్క సూదులు ఎత్తింది. ఒకటి ఆరెత్తింది. ఒకటి పంతొమ్మిది. పంతొమ్మిది గెలిచింది.

“దీనిని ఎచ్చట అమర్చవలెను?”

కెజియా కాయితంమీద రాసి ఇచ్చింది. మెడ దగ్గర పెడితే గొంతు మెత్తగా, గుర్రం దగ్గర పెడితే చురుగ్గా ఉంటుందండి, నాకు మెత్తగా కావాలండి.

“మెత్తన అత్యుత్తమము కాబోలు, చురుకు అత్యధమము కాబోలు,” అని ఆయన టేపు పెట్టి, సరిగ్గా నడుమ సుద్దతో చుక్క పెట్టారు. గొంతు పెంచే మీట సున్నానుంచి పదిదాకా తిరుగుతుంది. దాన్ని అయిదు దగ్గర పెట్టి, జిగురుముద్ద అంటించి, పైన శాఖ ముద్ర వేశారు.

ఇక తీగలు.

తీగల పొట్లం విప్పేసరికి కూర్మారావుగారి కళ్ళు పెద్దవయ్యాయి. ఆరు తీగలు. ఒకదానికన్నా ఒకటి లావు.

“ఇదేమి? ఒకే వాయిద్యమున ఇంత అసమానతయా?”

“గిటారంటే అంతేనండి,” అన్నారు పద్మవాణి మేడంగారు. “సన్నతీగ పైస్థాయి పలుకుతుంది, లావుతీగ కిందిస్థాయి...”

“పైవారు, కిందివారు అను భేదము మన శాఖయందు లేదు. మధ్యస్థమైన తీగ ఏది?”

అందరూ లెక్కపెట్టారు. ఎటునుంచి లెక్కపెట్టినా మూడోదీ నాలుగోదీ తగువులాడుకున్నాయి. ఆరింటికి నడిమిది లేదు. కూర్మారావుగారు కుర్చీలో కూలబడ్డారు. త్రిమూర్తులుగారు మజ్జిగ తెప్పించారు. మధ్యరకం మజ్జిగ, పులిసీ పులవనిది.

సంగతి పైకి రాశారు. పదకొండు రోజులకి జవాబొచ్చింది.

“సరిసంఖ్యకు మధ్య లేకపోవుట ప్రకృతియందలి లోపము. దానికి శాఖ బాధ్యత వహించదు. మూడవ, నాల్గవ తీగల మందముల సగటు తీసి, ఆ మందముగల తీగలనే ఆరింటిని బిగించవలెను.”

అలా, ఆరూ ఒక్క లావువే, కవలపిల్లల్లా ఆరు తీగలు వచ్చాయి. వాటిని చేతిలో పెట్టినప్పుడు కెజియా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కూర్మారావుగారు భూతద్దంలోంచి ఆ నీళ్ళు చూసి, “ఆనందబాష్పములు,” అని రాసుకున్నారు.

గిటారు బిగించడం ఏసుపాదం దుకాణంలో జరిగింది. బడి వదిలాక రోజూ కెజియా బల్లముందు కూర్చునేది. వేపచెక్క వీరాచారి చేతిలో నున్నగానే తయారైంది. తేనెరంగులో చూడ్డానికి ముద్దుగానే ఉంది. కాని తీగలు మొండికేశాయి. ఒకదాన్ని పైస్థాయికి లాగితే టప్పున తెగింది. దాని బదులు ఇంకోటి రావడానికి మళ్ళీ మూడు నమూనాలు, మూడు సంతకాలు, ఎనిమిది రోజులు. ఒకదాన్ని కిందిస్థాయికి వదిలితే బట్టలు ఆరేసే తాడులా వేలాడింది. చివరికి చేసేది లేక ఆరింటినీ ఒకే శ్రుతిలో బిగించింది. మెట్లమీద వేలు అడ్డంగా వత్తితే, ఆరింట్లో రెండు పలికేవి, నాలుగు గుర్రుమనేవి.

“పోనీలేమ్మా,” అన్నాడు ఏసుపాదం, కూతురి మొహం చూడలేక. “ఆల్ల మొహం, ఆల్లకేం తెలుసు. ఎప్పుడో నేనే నీకు...”

“నాన్నా, ఆ గొట్టం ఇటియ్యి.”

పికప్పు వైరు అతికేటప్పుడు తీగలు అదరకుండా ఏదైనా బరువు కావాలి. ఏసుపాదం మైకుస్టాండు ముక్క, జానెడు స్టీలు గొట్టం, అందించాడు. కెజియా దాన్ని తీగలమీద అడ్డంగా పెట్టింది. అది ఒక పక్కకి దొర్లింది. వైరు పెట్టెకి తగిలించే ఉంది.

పెట్టెలోంచి ఒక గొంతు వచ్చింది.

ఒక గొంతు కాదు. ఆరు. కింద మొదలై, మెట్టు మెట్టుకీ ఆగకుండా, జారుతూ పైకి వెళ్ళి, అక్కడ నిలబడి వణికింది. ఏసుపాదం చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది. కెజియా మళ్ళీ గొట్టాన్ని కిందికి తెచ్చింది, మళ్ళీ పైకి. ఆదివారం సంఘంలో ఎవరికీ గమకాలూ సంగతులూ రావు, ఎవరూ సంగీతం చదువుకోలేదు. ముసలమ్మలూ, కూలికెళ్ళేవాళ్ళూ, చంటిపిల్లల తల్లులూ అందరూ ఒకే వరస, ఒకే గొంతు చేసి పాడతారు. అచ్చం అలా ఉంది. ఒకడు గొప్పగా పాడినట్టు కాదు, ఊరంతా కలిసి పాడినట్టు.

వీధిలో సైకిలు దిగి ఇద్దరు లోపలికి తొంగిచూశారు. “ఏసుపాదం, ఏ ఊరి బృందం ఇది?”

“మా అమ్మాయి,” అన్నాడు ఏసుపాదం.

మహోత్సవం పట్నంలో ఒక కల్యాణమండపంలో జరిగింది. వేదికమీద మూడు కుర్చీలు. ముగ్గురు న్యాయనిర్ణేతలు. ముగ్గురూ వేసిన మార్కుల్లో మధ్యదే లెక్క, కాబట్టి తతిమ్మా ఇద్దరూ కునుకు తీసే ఏర్పాటు ఉంది. జిల్లా నలుమూలలనుంచీ రావలసిన వాయిద్యాల్లో, మధ్యస్థ విధానం దాటి ప్రాణంతో వచ్చినవి మూడే.

పోటీకి ముందు కూర్మారావుగారు మైకు అందుకున్నారు.

“సభాసదులారా! ఎంపికైన మధ్యస్థ వాయిద్యమునకు విశిష్ట గౌరవము లభించును. దానిని ఆదర్శ నమూనాగా శాఖ కార్యాలయమందలి అద్దాల బీరువాలో శాశ్వతముగా భద్రపరచి, తాళము వేయుదురు. విసర్జింపబడిన రెండింటిని మాత్రము వాని వాని నిర్మాతలు మోసుకొనిపోవలసియుండును.”

చప్పట్లు మోగాయి. కెజియా గిటారుని ఒళ్ళోకి లాక్కుంది. తండ్రికేసి చూసింది.

“బీరువాలోనా?” అంది. అంతే.

త్రిమూర్తులుగారు మాత్రం ఆనందం పట్టలేక ఆమె దగ్గరికొచ్చి వంగారు. “అమ్మా కెజియా, మన బడికి అద్దాల బీరువా యోగం పట్టేట్టుంది. నువ్వు బాగా వాయించకు, అలాగని చెడగొట్టకు. మధ్యస్థంగా కానిచ్చెయ్. నీకు పుణ్యముంటుంది.”

మొదటి బడివాళ్ళు జలతరంగిణి తెచ్చారు. పన్నెండు గిన్నెలూ ఒకే సైజు, అన్నిట్లోనూ సగం నీళ్ళు. ఎక్కడ కొట్టినా టింగుమంది. పావుగంటసేపు టింగుమంది. రెండో బడివాళ్ళు వేణువు తెచ్చారు. దానికి సరిగ్గా నడుమ ఒకే ఒక్క చిల్లు. వేలు తీస్తే ఒక స్వరం, మూస్తే ఇంకోటి. కుర్రాడు తీశాడు, మూశాడు, నమస్కారం పెట్టాడు.

ఏసుపాదం గబగబా కూతురి చెవిలో అన్నాడు. “లెక్క తెలిసిందా అమ్మా? ఆల్లది ఒక స్వరం, ఈల్లది రెండు. మనం అసలు పలక్కుండా చేసేత్తే అందరికన్నా అధమం. ఇంటికి తెచ్చేసుకోవచ్చు. వైరు నేను పీకేత్తాను, తీగ తెగిందని చెప్పెయ్. ఎవడికీ అనుమానం రాదు.”

తేలికైన దారి. వేదికమీద ఒక్క నిమిషం నిలబడి, తలొంచుకుని దిగిపోవడమే. తలొంచుకోవడం ఆమెకి కొత్త కాదు.

కెజియా గిటారుకేసి చూసింది. ఇది పలకదు అని పదిమందిలో రాసి, ముద్ర వేస్తారు. గిటారు ఇంటికొస్తుంది. ఆ ముద్ర కూడా దాంతోబాటు ఇంటికొస్తుంది.

“వైరు పీకకు నాన్నా,” అంది.

వేదికెక్కి కుర్చీలో కూర్చుంది. గిటారు ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుంది. త్రిమూర్తులుగారు కిందనుంచి రెండు చేతులూ గాలిలో ఒక మట్టానికి పట్టి, మధ్యస్థం, మధ్యస్థం అని సైగ చేస్తున్నారు. కెజియా జనాన్ని చూడలేదు. స్టీలు గొట్టం తీగలమీద ఆనించి, కుడిచెయ్యి వేసింది.

ఆదివారం అందరూ పాడే వరస. మొదటి పాదం దాటేసరికి న్యాయనిర్ణేతల్లో కునుకుతున్న ఇద్దరూ లేచారు. రెండో పాదానికి, వెనకాల కుర్చీలు సర్దుతున్న ఆడవాళ్ళు సర్దడం ఆపి గొంతు కలిపారు. మూడోదానికి మండపం సగం పాడుతోంది. ఆ పాట రానివాళ్ళు కూడా పాడారు, ఎందుకంటే అది పక్కవాణ్ణి చూసి పాడగలిగే పాట. మీట అయిదు దగ్గరే అతుక్కుని ఉంది. చాలింది.

పాట ఆగింది. చప్పట్లకి పైకప్పు ఎగిరిపోయినంత పనైంది.

కూర్మారావుగారు కళ్ళు తుడుచుకున్నారు. ఆయనకి కళ్ళు తుడుచుకోవడం అలవాటు లేక కళ్ళజోడు మీదనుంచే తుడుచుకున్నారు. తరవాత గొంతు సవరించుకుని ప్రకటించారు.

“కొమరలంక పాఠశాలవారి గిటారు నిస్సంశయముగా, నిర్వివాదముగా, మిక్కిలి దురదృష్టవశమున, అత్యుత్తమము. కావున విసర్జించడమైనది. వేణువునకు అభినందనలు.”

వేణువు బీరువాలోకి వెళ్ళింది. గిటారు ఏసుపాదం భుజమెక్కి బస్సులో కొమరలంకకి వచ్చింది. దారిపొడుగునా ఆయన దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, కెజియాని తప్ప.

త్రిమూర్తులుగారికి మూడోరోజున సంజాయిషీ నోటీసు వచ్చింది.

“ప్రతి భాగమును మధ్యస్థముగా ఎంపిక చేసియుండగా, సదరు వాయిద్యమున ఉత్తమత్వము ఎట్లు ప్రవేశించినది? ఏ భాగముగుండా ప్రవేశించినది? బాధ్యులెవరు?”

విచారణ సంఘం దిగింది. సంఘానికి అధ్యక్షులు కూర్మారావుగారే. గిటారుని బల్లమీద పెట్టి, చిక్కుడుకాయ వలిచినట్టు మాటలతోనే ఒక్కొక్క భాగమూ వలిచారు.

“వేపచెక్క దోషమా?”

“దాని గురించి మంచీ చెప్పలేదు, చెడ్డా చెప్పలేదండి,” అన్నాడు వీరాచారి.

“పికప్పు?”

“మీ ఎదటే పంతొమ్మిది సూదులండి,” అన్నారు పద్మవాణి మేడంగారు.

“తీగలు?”

“పైవారి సగటేనండి.”

“ఆ గొట్టము సంగతి ఏమి? దానికి అనుమతి లేదే!”

ఏసుపాదం చేతులు కట్టుకుని, “మైకుస్టాండు గొట్టాలు మూడు సైజులుంటాయండి. చిన్నదుంది, పెద్దదుంది. నాకూ నిబంధనలు తెలుసండి. మధ్యదే ఇచ్చాను,” అన్నాడు.

ఇక మిగిలిందేమిటి? సంఘం రెండు రోజులు కాయితాలన్నీ తిరగేసి, మూడోరోజున నివేదిక రాసింది. గిటారులో ఏ దోషమూ లేదు. చెక్కకి మూడు నమూనాలు పిలిచారు. మెడకి పిలిచారు. బిరడాలకి, గుర్రానికి, పికప్పుకి, తీగలకి, గొట్టానికి కూడా మూడేసి చూశారు. మూడు నమూనాలు పిలవకుండా ఏకపక్షంగా స్వీకరించినది మొత్తంమీద ఒకే ఒక్కటి. ఆ బాలిక.

కనుక ప్రధానోపాధ్యాయులు తక్షణమే సదరు కెజియా జాతికి చెందిన ఇంకో రెండు నమూనాలు సంపాదించి, పోల్చి చూసి, నివేదించవలెను.

త్రిమూర్తులుగారు ఆ కాయితం పట్టుకుని శనివారం సాయంత్రం ఏసుపాదం ఇంటికి వచ్చారు. అరుగుమీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, సంగతి చెప్పారు. మార్తమ్మ చేట పక్కన పెట్టి విన్నది.

“మూడు నమూనాలు కంటానని నేనెవరికీ రాసిచ్చినట్టు గుర్తులేదండి, మేష్టారూ,” అంది.

“అది నిజమేనమ్మా,” అని ఆయన నుదురు తుడుచుకున్నారు. “పోనీ, ఇంకో వెసులుబాటు ఇచ్చారు. ఉన్న నమూనానే సవరిస్తే సరిపోతుందట. ఇకమీదట కాస్త మధ్యస్థంగా వాయించగలదేమో కనుక్కోమన్నారు. రాతపూర్వకంగా.”

ఆయన సంచీలోంచి కాయితం, కలం తీశారు. లోపలి గదిలో గిటారు ఆగింది. కెజియా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“ఏమ్మా? మధ్యస్థంగా వాయిస్తావా?”

ఇదివరకైతే పెన్సిలు పైకెత్తేది. లేదంటే కాయితంముక్క రాసి పారిపోయేది. ఆవేళ పారిపోలేదు. ఆయన కళ్ళలోకి చూసి, కొంచెం ఆలోచించి, నిజమే చెప్పింది.

“రాదండి, సార్.”

“రాదా?”

“రాదండి. చాలాసార్లు ప్రయత్నించానండి.”

త్రిమూర్తులుగారు కలం మూత తీశారు. లోపల పెట్టె సన్నగా గుంయిమంటోంది. తరవాత ఆయన, మొత్తం ఉద్యోగంలో మొదటిసారి, భయం లేకుండా, గుండ్రటి అక్షరాలతో రాశారు.

“విచారించడమైనది. సదరు బాలికకు మధ్యస్థముగా వాయించుట చేతకాదు.”

కింద సంతకం పెట్టి, కలం మూసి, “అయితే మరి వాయించమ్మా,” అన్నారు, అరుగుమీద కాస్త సర్దుక్కూర్చుంటూ.